మూడు ఖాళీ గళ్లు

కేంద్రం క్వార్టర్స్, రెండో అంతస్తు
జూన్ 6

మా వదినమ్మకు,

నీ మరదలు మెట్ల మీద జారి పడి చీలమండ విరగ్గొట్టుకుంది. పదకొండేళ్లుగా మోకాలి లోతు బురదలో తిరిగినదాన్ని, ఏనాడూ పడలేదు. శుభ్రంగా తుడిచిన మెట్ల మీద పడ్డాను. అన్నయ్యకు చెప్పు. ఎలాగూ నవ్వుతాడు, ఆ పడవ ఇంజన్ల మధ్య తనకూ నాలుగు రోజులు కాలక్షేపం.

డాక్టరు మోకాలి దాకా కట్టు వేశాడు. మూడు నెలలు కాలు కింద ఆనించకూడదట, ఆ తర్వాత కూడా ఈ ఏడాదికి బురద మాట ఎత్తొద్దట. అందుకే ఈ ఉత్తరం. నెలనెలా నేను వచ్చి చేసే లెక్క ఇకనుంచి నువ్వు చెయ్యాలి. ఇక్కడ మా పరిశోధన కేంద్రం వాళ్లలో ఎవరినైనా పంపమని అడగొచ్చు. కానీ వాళ్లెవరి మీదా నాకు నమ్మకం లేదు.

నువ్వు రోజూ చూసే నేలే అయినా, ఈసారి నా కళ్లతో చూడాలి కాబట్టి మొదటి నుంచీ చెబుతాను, విసుక్కోకు. తుఫాను మన మడ అడవిని సగమే పడగొట్టింది. మిగతా సగాన్ని చంపింది రోడ్డు గట్టు. లోపలికొచ్చిన ఉప్పునీళ్లు బయటికి పోయే దారి లేక నెలల తరబడి నిలిచిపోయి, వేళ్లకు ఊపిరాడక చెట్లు నిలువునా ఎండిపోయాయి. రెండేళ్ల కింద గట్టుకు గండి కొట్టించి పాత పాయ తెరిపించాను. ఇప్పుడు పోటుకు నీళ్లు వస్తున్నాయి, ఆటుకు పోతున్నాయి. నీళ్ల దారి సరిచేస్తే చాలు, అవతలి ఒడ్డున బతికున్న చెట్ల గింజలు కొట్టుకొచ్చి వాటంతట అవే నాటుకుంటాయి, మనం ఒక్క మొక్కా నాటక్కర్లేదు. ఇదీ నా వాదన. అది నిజమని చూపించడానికే ఆ ఎండిన నేలలో తాళ్లు కట్టిన మూడు ఖాళీ గళ్లు, ఒక్కొక్కటి పది మీటర్ల చదరం. జనవరిలో తీర అడవుల బోర్డు కూర్చుంటుంది. మొత్తం ఎండిన తీరాన్ని ఏం చెయ్యాలో ఆ రోజే తేలుస్తారు. నేనన్నట్టు పాయలు తెరిచి వదిలెయ్యడమా, మీ నర్సరీ మొక్కలు తెచ్చి వరుసల్లో నాటడమా.

మొక్కలు పెంచే మనిషి చేతనే మొక్కలు అక్కర్లేదని లెక్క రాయిస్తున్నాను. నా సిగ్గులేనితనం నీకు కొత్త కాదుగా.

నెలకోసారి నీళ్లు తీశాక చెక్కల బాట మీద నిలబడి చూడు. గడిలో కాలు పెట్టకు. కొత్త మొలక కనిపిస్తే ఈ పక్క తాడు నుంచి ఎంత దూరం, ఆ పక్క తాడు నుంచి ఎంత దూరం, టేపు పట్టి కాగితం మీద రాయి. నాటొద్దు, పీకొద్దు. వాలిపోతున్న మొలకను నిలబెట్టొద్దు కూడా. నీ చేతుల సంగతి నాకు తెలుసు.

నీ మరదలు


నర్సరీ షెడ్డు, పాయ గట్టు
జూన్ 23

కుంటి మరదలికి,

మీ అన్నయ్య నవ్వలేదు. తింటున్నవారు చెయ్యి ఆపి, "ఏ కాలు?" అని అడిగారు. కుడికాలని చెప్పాను. "అయితే పర్లేదు, చిన్నప్పుడు నన్ను తన్నింది ఎడమకాలితోనే" అన్నారు. అప్పుడు నవ్వారు. మర్నాటికల్లా పడవల రేవంతా తెలిసిపోయింది, దారిలో ప్రతివాళ్లూ నీ కాలి సంగతి అడుగుతున్నారు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. గట్టు దాటితే సిగ్నల్ ఉండదు. గట్టు మీద ఉన్న ఈ షెడ్డులో ఏడుగురు ఆడవాళ్లం, మా మాటలకే చోటు చాలదు. వారానికోసారి లాంచీ వస్తోంది కదా, ఉత్తరాలే నయం.

నిన్న వెళ్లాను. మొదటి గడి సున్నా. రెండో గడి సున్నా. మూడో గడి సున్నా. ఇంత గొప్ప లెక్క కోసం నన్ను జానెడు వెడల్పు చెక్క మీద సర్కస్ చేయించావు. పీతల బొరియలు మాత్రం బోలెడున్నాయి. అవీ లెక్కపెట్టాలా? నిలువునా ఎండిన మానులు, మధ్యలో పడిపోయినవి, బూడిద రంగు బురద. ఎంతసేపు చూసినా పచ్చని చుక్క లేదు.

ఆ నేల చూస్తే నా చేతులు దురద పెట్టాయి. నేను వచ్చిన పడవలోనే మూడొందల మొక్కలున్నాయి, అవతలి గట్టుకు తీసుకెళ్తున్నవి. ఒట్టు, ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, బళ్లో పంతులమ్మ ముందు నిలబడ్డట్టు.

కాలు దిండు మీద ఎత్తి పెట్టుకో. మందులు మానెయ్యకు.

మీ వదిన


కేంద్రం క్వార్టర్స్
జూలై 29

వదినా,

నీ రెండో సున్నాల కాగితం కూడా అందింది. నువ్వు క్షమించమన్నట్టు రాశావు, నీ తప్పేముంది. సున్నా కూడా లెక్కే. ఉన్నదున్నట్టు రాసి పంపావు, నేను అడిగింది అదే.

నిన్న కర్రల మీద కుంటుకుంటూ సమావేశానికి వెళ్లాను. మా డైరెక్టరు నీ కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించాడు. "ఈమె గళ్లు మా ఇంటి వాకిలి కంటే శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెడ్డవాడేం కాదు, నాటడం మీద నమ్మకమున్న మనిషి. మధ్యాహ్నం ఆయనే కుర్చీ లాగి కూర్చోబెట్టి, "ఇంకెన్నాళ్లమ్మా" అని నెమ్మదిగా అడిగాడు. ఆ నెమ్మదే నన్ను చంపింది.

గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. పదకొండేళ్లు వదినా. పెళ్లి మాట ఎత్తితే అన్నయ్యతో పోట్లాడి, ఆ బురదనే నమ్ముకుని తిరిగాను. ఆ నేలకు ఇక ప్రాణం లేదేమో. నీళ్లొచ్చినా గింజలు రావేమో, వచ్చినా నిలవవేమో. నేనొక తప్పు మాటను పట్టుకుని ఇంతకాలం వేళ్లాడానేమో. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పను. అన్నయ్యకు కూడా చెప్పకు.

ఆగస్టులో కూడా సున్నాలే అయితే సున్నాలే రాయి. నాకేం కాదు.

మరదలు


నర్సరీ షెడ్డు
ఆగస్టు 21

మరదలికి,

మొలకలు వచ్చాయి. మొదటి గడిలో నాలుగు, రెండో గడిలో ఏడు. మొత్తం పదకొండు. రెండేసి ఆకులున్నాయి. నువ్వు చెప్పినట్టే రెండు తాళ్ల నుంచీ కొలిచి రాశాను, కాగితం జత చేస్తున్నాను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను. కాలు జాగ్రత్త.

వదిన


కేంద్రం క్వార్టర్స్
ఆగస్టు 30

నా బంగారు వదినా,

నీ కాగితం చదివి ఒంటికాలి మీద గది చుట్టూ మూడుసార్లు గెంతాను. కింది అంతస్తు ఆయన పైకొచ్చి తలుపు కొట్టాడు. ఏమైందమ్మా అంటే "పదకొండు" అని చెప్పాను. కవలలు పుట్టారన్నంత ఆశ్చర్యంగా చూసి వెళ్లిపోయాడు.

ఎంత పొదుపుగా రాశావే. పదకొండు మొలకలొస్తే పది పంక్తులు కూడా రాయలేకపోయావా? ఆకుల రంగెలా ఉంది, కాండం ఎంత లావుంది, అన్నయ్య ఏమన్నాడు, ఏదీ లేదు. పోనీలే. ఆ కాగితాన్ని నా మంచం పక్క గోడకు అంటించాను. పొద్దున లేవగానే అదే చూస్తున్నాను.

డైరెక్టరుకు చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. "లెక్కపెట్టింది ఎవరు?" అన్నాడు. మా వదిన అన్నాను. "నర్సరీలో పనిచేసే ఆవిడా? అయితే నమ్మాల్సిందే, ఆవిడకెందుకు అబద్ధం?" అన్నాడు. నిజమే కదా. నువ్వు కాక ఇంకెవరు రాసి పంపినా ఆయన నమ్మేవాడు కాదు.

ఈ రాత్రి హాయిగా నిద్రపోతాను వదినా. ఎన్నాళ్లయిందో.

నీ మరదలు


నర్సరీ షెడ్డు
అక్టోబరు 14

మరదలికి,

సెప్టెంబరు కాగితంలో ముప్పై పంపాను కదా, ఈ నెల నలభై మూడు. ఆరు ఎండిపోయాయి, అవి విడిగా రాశాను.

ఇప్పుడు నా మాట ఒకటి. ప్రతి ఏడాదీ ఈపాటికి వచ్చే ఏడాదికి కావాల్సిన గింజల జాబితా పైనుంచి వచ్చేది. ఇంకా రాలేదు. అడిగితే మా ఆఫీసరు అటూ ఇటూ చూసి టీ తాగుతావా అంటున్నాడు. ఆయన నాకు టీ ఇవ్వడం ఈ పదిహేనేళ్లలో ఇదే మొదటిసారి, అందుకే భయం వేసింది. ఈ షెడ్డులో మేం ఏడుగురం. అందరిలోకీ చిన్నదానికి మొన్ననే కూతురు పుట్టింది. మా పెద్దావిడకు మోకాళ్లు పోయాయి, కూర్చుని సంచులు నింపే పని తప్ప ఇంకే పనీ చెయ్యలేదు.

నువ్వు బోర్డు వాళ్లతో మాట్లాడుతుంటావు. నర్సరీ గురించి ఏమైనా విన్నావా? మంచైనా చెడైనా నీ నోటితో వింటే తట్టుకుంటాను. దాచకు.

వదిన


కేంద్రం క్వార్టర్స్
అక్టోబరు 25

వదినా,

నలభై మూడు. ఇంకేం కావాలి నాకు. కట్టు విప్పారు, కర్ర సాయంతో నడుస్తున్నాను. కాలు చూస్తే నవ్వొస్తోంది, సన్నగా తెల్లగా ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

నర్సరీ సంగతి నా దాకా రాలేదు. పై వాళ్ల వ్యవహారం నీకు తెలుసు కదా, ప్రతిదీ ఆలస్యమే. జాబితా వస్తుందిలే. నువ్వు అనవసరంగా మనసు పాడుచేసుకోకు, మిగతావాళ్లనీ భయపెట్టకు.

డిసెంబరులో ఆ దూరాలన్నీ వేసి మూడు గళ్లకూ బొమ్మ గీయాలి, బోర్డులో గోడ మీద చూపించడానికి. ఇన్నాళ్లూ మొత్తాలే చూసుకుని మురిసిపోయాను, ఆ కాగితాల వెనుక పేజీలు తిప్పనే లేదు. నవంబరు లెక్క కూడా జాగ్రత్తగా కొలిచి పంపు.

మరదలు


కేంద్రం క్వార్టర్స్
డిసెంబరు 9

వదిన గారికి,

మీరు పంపిన దూరాలతో మూడు గళ్లకూ బొమ్మ గీశాను. నవంబరు దాకా చచ్చినవాటితో కలిపి అరవై ఒక్క మొలకలు. ఒక్కొక్క చుక్క పెడుతుంటే మొదట ఏమీ అనిపించలేదు. అటొకటి ఇటొకటి చెదిరే ఉన్నాయి. తర్వాత ఊరికే స్కేలు పెట్టి ఒక చుక్క నుంచి దాని పక్క చుక్కకు కొలిచాను. ఎనభై ఆరు సెంటీమీటర్లు. ఇంకొకటి కొలిచాను. ఎనభై ఐదు. ఇంకొకటి. ఎనభై ఆరు. అరవై ఒక్కటీ కొలిచాను.

ఎనభై ఆరు అంటే రెండు మూరలు. నా మూర కాదు, మీది. మోచేతి నుంచి వేలికొస దాకా నలభై మూడు. చిన్నప్పుడు నా గౌన్లకు గుడ్డ కొలిచింది ఆ చేత్తోనే. గట్ల మీద మొక్కలు నాటేటప్పుడు మోచెయ్యి రెండుసార్లు ఆనించి తర్వాతి గుంట తియ్యడం నేను వందసార్లు చూశాను.

నీళ్లలో కొట్టుకొచ్చిన గింజలు అలా నాటుకోవు. నీటి వడి తగ్గే చోట, పడిపోయిన మానుల వెనక, గుంపులు గుంపులుగా చిక్కుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పడి మొలుస్తాయి. మిగతా చోటంతా బోసిగా ఉంటుంది. మీరు పంపినవాటిలో మాను పక్కన ఉన్నది ఒక్కటీ లేదు.

మీ లెక్కలు నమ్మి రాసిన నివేదిక నేను అక్టోబరులోనే బోర్డుకు పంపేశాను. నా సంతకంతో. ఏం చేశారో మీరే చెప్పండి. అన్నయ్యకు తెలుసా అన్నది కూడా చెప్పండి.

నాకు కోపంగా లేదు. ప్రపంచంలో ఒక్క మనిషిని అడిగాను.

మీ ఆడపడుచు


నర్సరీ షెడ్డు
డిసెంబరు 9

మరదలికి,

ఈ రోజు లాంచీలో కాగితం వచ్చింది. మార్చి ఆఖరుకు నర్సరీ మూసేస్తారట, జనవరి సమావేశంలో ఆ మాట ఖాయం చేస్తారట. కారణం ఏమిటో వెనక జత చేశారు. నీ నివేదిక. మా ఆఫీసరు చదివి వినిపించబోతే వద్దని నేనే తీసుకుని చదువుకున్నాను. "మొలకలు సహజంగా వస్తున్నందున నర్సరీని కొనసాగించాల్సిన అవసరం కనిపించడం లేదు." కింద నీ సంతకం. అక్టోబరు మూడో తారీఖు.

నర్సరీ గురించి విన్నావా అని నేను అడిగింది పద్నాలుగున. నా దాకా రాలేదని నువ్వు రాసింది ఇరవై అయిదున. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. తారీఖు తప్పు చదివానేమోనని మా పెద్దావిడ చేత కూడా చదివించాను. ఆవిడ చదివి, "మీ ఆడపడుచే కదమ్మా" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నర్సరీ అక్కర్లేదని నీకు అనిపిస్తే అను. అది నీ చదువు, నేను కాదనను. అడిగినప్పుడు అవునని ఎందుకు చెప్పలేదు? మనసు పాడుచేసుకోకు అన్నావు. మిగతావాళ్లను భయపెట్టకు అన్నావు. నీ మాట పట్టుకుని, ఏం కాదర్రా, మా మరదలు చెప్పింది అని ఆరుగురికీ ధైర్యం చెప్పాను. ఇప్పుడు వాళ్లెవరూ నాతో మాట్లాడడం లేదు. నాకు ముందే తెలుసనుకుంటున్నారు.

నీ కోసం నేనేం చేశానో నీకు తెలియదు. చెప్పను కూడా.

వదిన


నర్సరీ షెడ్డు
డిసెంబరు 17

మరదలికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. చెప్పనన్న మాట ఇప్పుడు చెప్పక తప్పదు.

మీరు అని రాశావు. ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. నేను ఈ ఇంటికొచ్చిన రోజు నీకు పదేళ్లు, నా కొంగు పట్టుకుని నువ్వు నా పక్కన పడుకో అన్నావు. మిగతాదంతా భరించగలను కానీ ఆ మీరు చదవలేకపోయాను.

నాటింది నేనే. జూలైలో నువ్వు ఏడ్చానని రాశావు. ఆగస్టులో వెళ్తే మళ్లీ సున్నా. చెక్క మీద కూర్చుని కాగితం ఒళ్లో పెట్టుకున్నాను, మూడోసారి సున్నా రాయడానికి చెయ్యి రాలేదు. గుడ్డసంచిలో అప్పుడే మొలకెత్తిన గింజలున్నాయి. సంచుల్లో పెరిగిన మొక్కలైతే వేరు చుట్టుకుని ఉంటుంది, పట్టుకుంటావని తెలుసు. అందుకే గింజలే గుచ్చాను. అంత తెలివి ఏడ్చింది. వరుసలో ఉండకూడదని అటూ ఇటూ తిరిగి మరీ నాటాను. చెయ్యి మాత్రం దాని కొలత మానలేదు, నేను చూసుకోనే లేదు.

నీ పదకొండేళ్లకు పదకొండు నాటాను. వచ్చే ఉత్తరంలో, ఉత్తదే పిచ్చిదానా, నేనే పెట్టాను, ఏడుపు మానెయ్ అని రాద్దామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. ఒంటికాలి మీద గెంతానని రాశావు. నీ రాతలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చెప్పలేకపోయాను. మర్నెల కూడా అలాంటి ఉత్తరమే రావాలనిపించింది. అంతే. ఇంకో కారణం ఏదీ లేదు, వెతకకు.

మీ అన్నయ్యకు తెలుసు. పడవ నడిపింది ఆయనే. ఇది బాగాలేదేమో అన్నారు. నోరు మూసుకోమన్నాను. ఆయన మీద కోపం పెట్టుకోకు.

నేను చేసింది మోసమే. కానీ నిన్ను గెలిపించాలని చేశాను. నువ్వు నాకు చేసింది ఏమిటి? ఆ మొలకలు చూపించే నువ్వు నా షెడ్డు మూయించావు. కత్తి నీ చేతికిచ్చింది నేనే, ఒప్పుకుంటాను. పొడిచి, ఏం కాలేదని ఉత్తరం రాసింది నువ్వు.

వదిన


కేంద్రం క్వార్టర్స్
డిసెంబరు 28

వదిన గారికి,

ఆ వాక్యం నేనే రాశాను. ఎవరూ రాయించలేదు. రాసిన రోజే మీకు చెప్పాలి. చెబితే మీరు లెక్కపెట్టడం మానేస్తారని భయపడ్డాను. జనవరి దాకా నాకు మీ లెక్క కావాలి, అందుకని అబద్ధమాడాను. బోర్డు ఒప్పుకున్నాక మీకు ఇంకో చోట పని అడుగుదామనుకున్నాను. మిగతా ఆరుగురి గురించి అసలు ఆలోచించలేదు. సిగ్గుగా ఉంది.

కానీ మీరు చేసింది దీనితో చెల్లిపోదు. సున్నాలే పంపి ఉంటే నేను ఓడిపోయేదాన్ని. ఓడిపోవడం నాకు చేతనవును. ఇంకో రెండేళ్లు చూద్దామని అడిగేదాన్ని, ఇంకో చోట గండి కొట్టేదాన్ని. ఇప్పుడు ఆ గళ్లలో ఏది మొలిచినా ఎవరు నమ్ముతారు? నేల కోలుకుంటుందా లేదా అన్న ఒక్క ప్రశ్న అడగడానికి పదకొండేళ్లు కష్టపడ్డాను. జవాబు రాకముందే మీరు వచ్చి జవాబు పెట్టేశారు. నన్ను ఓదార్చడానికి. చంటిపిల్లనా నేను?

ఆరో తారీఖున బోర్డుకు అంతా చెబుతున్నాను. ఎవరు నాటారని అడుగుతారు. చెబుతాను. నా వాదన వీగిపోతుంది, వరుసల్లో నాటడానికే నిర్ణయిస్తారు. అప్పుడు నర్సరీ ఉంటుంది, మీతో పనిచేసే ఆరుగురూ ఉంటారు. మిమ్మల్ని ఉంచరు. ముందే చెబుతున్నాను, ఈసారి దాచలేదని అనుకోండి.

మీ ఆడపడుచు


ఇల్లు
జనవరి 19

మరదలికి,

అంతా నువ్వన్నట్టే అయింది. షెడ్డు తాళం చెవి పెద్దావిడకు ఇచ్చి వచ్చాను. వాళ్లు మాట్లాడుతున్నారు ఇప్పుడు నాతో. చిన్నది దాని కూతుర్ని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి వెళ్లింది. నన్ను తీసేశారన్న బాధ కంటే, నా పేరు బోర్డులో నీ నోటితో చదివావన్న బాధ ఎక్కువ. అయినా చదవాల్సిందే. నేనైనా అదే చేసేదాన్నేమో.

నిన్న మీ అన్నయ్యా నేనూ ఆ గళ్లకు వెళ్లాం. నేను నాటినవాటిలో చచ్చినవి పోగా యాభై రెండున్నాయి. నీకు పంపిన కొలతల కాగితం నకలు పట్టుకుని ఒక్కొక్కటే పీకేశాను. ఇక ఎవరినీ మోసం చెయ్యకూడదని. అంతా అయిపోయి, బురదలోనే నడిచి మూడో గడి అవతలి మూలకు వెళ్లాను. అక్కడొక పెద్ద మాను పడి ఉంది కదా. దాని వెనక మొలకలున్నాయి. పంతొమ్మిది. గుంపుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కొన్నిటికి ఆరేసి ఆకులు. నా వాటికంటే పెద్దవి. ఆకు అంచులు పీతలు కొరికి ఉన్నాయి.

అవి నేను నాటలేదు. నా పిల్లల మీద ఒట్టు. చెక్కల బాట మీద నుంచి చూస్తే ఆ మాను వెనక ఏముందో కనిపించదు. నాటడానికి దిగినప్పుడు ఆ మూల దాకా వెళ్లి ఉంటే ఆగస్టులోనే కనిపించేవేమో. నేను నాటుకున్నవి కొలుచుకోవడంలో పడి, వచ్చినవాటిని చూడనేలేదు. నువ్వన్నదే నిజం మరదలా. నీళ్లొస్తే అవే వచ్చాయి.

ఫిబ్రవరి పదిన నేల చదును చెయ్యడానికి యంత్రాలు వస్తాయట. పడిపోయిన మానులన్నీ లాగేసి వరుసలు తీస్తారు. ఈలోగా ఒక్కసారి వచ్చి చూడు. నీ కాలు బాగైందని మీ అన్నయ్య ఎవరి ద్వారానో కనుక్కున్నారు. నా ఇంటికి రాకపోయినా పర్వాలేదు. రేవు నుంచి ఆయన పడవలో తీసుకెళ్లి, మళ్లీ రేవులోనే దింపుతారు. నేను ఎదురుపడను.

వచ్చి నీ కళ్లతో చూసుకో. ఆపై నీ ఇష్టం.

వదిన


కేంద్రం క్వార్టర్స్
ఫిబ్రవరి 2

వదినా,

నిన్న లాంచీ రేవు దాకా వెళ్లాను. టికెట్ కూడా తీసుకున్నాను. బురదలో వేసుకునే బూట్లు సంచిలో పెట్టుకున్నాను. లాంచీ వచ్చింది, జనం ఎక్కారు. నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. మాను వెనక, గుంపుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. వాటంతట అవి వచ్చిన మొలకలు సరిగ్గా అలాగే ఉంటాయి. ఎలా ఉంటాయో డిసెంబరు ఉత్తరంలో నీకు రాసి పంపింది నేనే.

అబద్ధం చెప్పావని అనడం లేదు. నీ పిల్లల మీద ఒట్టేశావు, నువ్వు అలా ఊరికే ఒట్టేసే మనిషివి కాదు. పెద్ద మొక్కలు కావాలంటే నర్సరీలో ఉంటాయి, ఆకులు పీతలే కొరకనక్కర్లేదు, ఇలా ఒక్కొక్కటీ నా బుర్రలోకి వస్తూనే ఉంది. ఆపుదామన్నా ఆగడం లేదు. అక్కడికొస్తే నేను అడవిని చూడను వదినా. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క మొలక చుట్టూ నీ వేళ్ల గుర్తుల కోసం వెతుకుతాను. వేరు చూడాలని పీకుతాను కూడా. పడవలో కూర్చుని అన్నయ్య నన్ను చూస్తుంటాడు. తలుచుకుంటేనే అసహ్యం వేసింది. లాంచీ ఎక్కలేదు.

ఏడాది కింద నువ్వు పంతొమ్మిది అని ఒక్క ముక్క రాసి ఉంటే, చూడకుండానే బోర్డు ముందు నిలబడి యంత్రాలు ఆపించేదాన్ని. నీ మాట మీద నేను పదకొండేళ్ల పనిని పెట్టగలిగేదాన్ని, పెట్టాను కూడా. ఇప్పుడు అడవి నిజంగా వచ్చి ఉంటే, వచ్చిందని చెప్పడానికి నువ్వొక్కదానివే ఉన్నావు. బోర్డు నిన్ను నమ్మదు. అది పోనీ, ఇంకో ఏడాదికో రెండేళ్లకో వాళ్లతో మళ్లీ పోట్లాడేదాన్ని. నాకు నమ్మకం లేక ఆగిపోయాను.

నేను చేసిన పని తక్కువదని చెప్పడం లేదు. నర్సరీ గురించి ఇకముందు నేనేం రాసినా నువ్వూ రెండుసార్లు తారీఖులు చూసుకుంటావు. చూసుకోవాలి కూడా. అన్నయ్యను రేవులో ఎదురు చూడొద్దని చెప్పు.

పదో తారీఖున నువ్వు అక్కడికి వెళ్లకు. యంత్రం ఆ మానును లాగేటప్పుడు నువ్వు అడ్డం నిలబడతావని నాకు తెలుసు. ఎవరూ వినరు, ఊరికే మాటలు పడతావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నమ్మాలని చాలా ఉంది వదినా. నమ్మలేకపోతున్నాను.

నీ మరదలు